నీలి దీపం కింద టాటూ అక్క

ఆ వీధిలో అందరికీ ఆమె టాటూ అక్క. మేడమెట్ల కింది చిన్న గదిలో ఆమె పచ్చబొట్లు పొడిచేది, భర్త చెవులూ ముక్కులూ కుట్టేవాడు. ఆమె గీసిన గీత వంకర పోయిందన్న మాట ఎవరూ ఎరగరు. అందుకే, ఒంటి మీద సూదిపని చేసేవాళ్లంతా శుభ్రత శిక్షణకు రావాలని ఆరోగ్య శాఖ నుంచి కబురొచ్చినప్పుడు ఆమెకు ఒళ్లు మండింది.

"నా కొట్టు అద్దంలా ఉంటుంది. నాకేం నేర్పుతారట?" అని గొణుక్కుంటూనే వెళ్లింది.

శిక్షణ ఇచ్చేది గలగలా మాట్లాడే ఒక నర్సు. ఇంకులో ఏదో తెల్లటి పొడి కలిపి, రబ్బరు చర్మం మీద ఒక పువ్వు వెయ్యమంది. టాటూ అక్క గ్లవ్స్ తొడుక్కుని ఒక్క ఊపున వేసేసింది. మధ్యలో కళ్లజోడు పైకి తోసుకుంది, ముక్కు గోక్కుంది, దీపం వంచింది, పొడిపించుకునేవాళ్లు కూర్చునే కుర్చీ జరిపింది.

"పువ్వు ఎంత బాగుందో! ఇప్పుడు లైట్లు తీసేస్తున్నా," అంది నర్సు.

గది చీకటైంది. నర్సు చేతిలో నీలి దీపం వెలిగింది. టాటూ అక్క కెవ్వుమంది. పొడి కలిసిన ఇంకు అంటిన చోటల్లా, పువ్వుతో పాటు దీపం మెడ, కుర్చీ చెయ్యి, ఎదుటి అద్దంలో తన కళ్లజోడు, చివరికి ముక్కు కొన కూడా మెరుస్తున్నాయి! అందరూ పగలబడి నవ్వారు.

"ఆ మెరిసేదంతా ఒకరి రక్తమే అనుకోండి," అంది నర్సు. "తర్వాత వచ్చినవాళ్లు ఆ కుర్చీలోనే కూర్చుంటారు."

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. టాటూ అక్కకు సిగ్గు కన్నా ముందు ఆత్రం తన్నుకొచ్చింది. "మేడం, ఇంకొక్కసారి! ఇంకొక్కసారి వేస్తాను!"

ఈసారి మొహం కడుక్కుని, అన్నీ తుడిచి, ముందే దీపానికీ కుర్చీకీ ప్లాస్టిక్ కవర్లు చుట్టింది. కళ్లజోడు జారితే తల వెనక్కి వంచింది. ముక్కు దురద పెడితే పళ్లు బిగబట్టింది. పని కాగానే కవర్లు ఊడదీసి పారేసింది. నీలి దీపం వెలిగితే పువ్వూ, సూదీ, గ్లవ్సూ తప్ప ఏదీ మెరవలేదు. చప్పట్లతో గది మోగిపోయింది.

ఇంటికి పరుగున వచ్చింది. "ఏవండీ, ఆ గన్ను పక్కన పడెయ్యండి!"

చెవులు కుట్టే ఆ గన్నంటే భర్తకు ప్రాణం. "ఏం, పేలుతుందా ఏమిటి?"

"నవ్వులాట కాదండీ! దాని సందుల్లో చేరిన రక్తం తుడిస్తే పోదు. క్రిములు చచ్చేలా ఆవిరిలో పెడదామంటే ఆ ప్లాస్టిక్కు తట్టుకోదు. ఇకనుంచి మనిషికో కొత్త సూది, వాడగానే అది ఎవరికీ గుచ్చుకోకుండా గట్టి చెత్తడబ్బాలోకి."

"స్పిరిట్ పెట్టి తుడుస్తున్నాగా?"

"రేపు మీరూ రండి. చీకట్లో మీ మొహం మీరే చూసుకుందురు గాని."

మర్నాడు అతని మీసమంతా మెరిసింది. ఇంటికొచ్చాక గన్ను ఊసెత్తలేదు. రోజూ శిక్షణలో ఇచ్చిన రబ్బరు చెవీ ముక్కూ ముందేసుకుని సూదితో కుట్టడం సాధన చేశాడు.

సూదితో అతను మొదట ముక్కు కుట్టింది పై అంతస్తు దర్జీ ఆవిడకి. చేతులు కడుక్కుని, గ్లవ్స్ తొడుక్కుని, ఆమె కళ్లెదుటే సూది ప్యాకెట్ చింపాడు. గుమ్మంలోంచి టాటూ అక్క మెడ చాచి చూసింది.

"ఎప్పుడు కుడతావు తమ్ముడూ?" అంది దర్జీ ఆవిడ కళ్లు మూసుకుని.

"కుట్టేశానక్కా!"

ఆవిడ కళ్లు తెరిచి అద్దం లాక్కుంది. టాటూ అక్క పట్టలేని సంతోషంతో వీధిలోకి వినిపించేలా ఈల వేసింది.