చీటీ అంటించిన తాళంచెవి

మా పెదనాన్న పోయారన్న కబురు అందేసరికి నేను భావనపాడులో ఎండుచేపల బస్తా మోస్తున్నాను. దాన్ని దింపేసి అలాగే బయల్దేరాను. ఊరు చేరేసరికి సమాధి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది.

ఆయన మా ఊరి మిషను ఆస్పత్రిలో కాంపౌండరు. భార్య చిన్నవయసులోనే పోయింది, పిల్లల్లేరు. కలరాకి తల్లీతండ్రీ పోయిన రూతు అనే పసిపిల్లని తెచ్చి పెంచుకున్నారు. బడి మానేసి ఊళ్ళు తిరిగే నేను కనబడితే చాలు, కూర్చోబెట్టి మందు సీసాలకి చీటీలు అంటింపించేవారు.

"లోపల ఏటున్నాదో నీకు తెల్సురా. నువ్వు పోతే ఎవుడికి తెలస్తాది?" అనేవారు.

ఇంట్లో ఉప్పు డబ్బాకీ చీటీయే. "ఉప్పని నాలిక్కి తెలీదేటి నాన్నా?" అని రూతు ఎగతాళి చేసేది.

అలాంటి మనిషి ఇంటి విషయంలోనే పొరబడ్డారు. పుట్టుకలూ చావులూ బైబిలు మొదటి పేజీలో రాసుకోవడం మావాళ్ళ అలవాటు. అక్కడే "నా తరవాత ఈ ఇల్లు రూతుది" అని రాసి సంతకం చేశారు. సాక్షులుగా రూతు చేత, నా చేత సంతకాలు పెట్టించారు. దేవుడి పుస్తకంలో రాసిందాన్ని ఎవరు కాదంటారని ఆయన ధైర్యం.

నాకే మనసు నిలవలేదు. ఆ ఇంటి మీద మా అన్నయ్యకి కన్నుందని నాకు తెలుసు. పోరుపెట్టి, ఆయన్ని బొగ్గుతో నడిచే బస్సెక్కించి శ్రీకాకుళంలో ప్లీడరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను.

ప్లీడరుగారు ఆ పేజీ చదివి కళ్ళజోడు తీశారు. "మీ క్రైస్తవుల చట్టం ప్రకారం, ఆస్తి పొందే మనిషే సాక్షి సంతకం పెడితే ఆ మనిషికి రాసింది చెల్లదండీ. వీలునామా లేకపోతే పెంచుకున్న పిల్లకి హక్కు రాదు. ఇల్లు చనిపోయిన మీ తమ్ముడి కొడుకులకి పోతుంది."

పెదనాన్న నావైపు తిరిగారు. "ఒరే, అయితే ఇల్లు నీకూ వస్తాదన్నమాట!"

"నాకెందుకు పెదనాన్నా? నేనొక సోట కుదురుగా ఉంటానేటి?"

ఆయన పకపకా నవ్వి, "అయ్యా, తప్పు సీటీ అంటించేసినాను. సరైంది మీరు రాయండి" అన్నారు.

ఈసారి సాక్షులు ప్లీడరుగారి గుమాస్తా, ఆ ఆఫీసు పక్కింటాయన. వీలునామా రిజిస్టరయింది. తిరుగుదారిలో బస్సు ఆగిపోతే, దిగి తోస్తూ కూడా ఈల వేశారాయన.

పెదనాన్న పోయాక నేను వచ్చిన రోజే అన్నయ్య ఆ ఇంటి గుమ్మంలోకొచ్చాడు. "బైబిల్లో రాత సెల్లదట, కనుక్కున్నాను."

"అది సెల్లదన్నియ్యా. ఇది సెల్తాది" అని రూతు రిజిస్టరైన కాగితం చేతికిచ్చింది.

అన్నయ్య ముద్రదాకా చదివి, కాగితం తిరిగిచ్చి చెప్పులేసుకున్నాడు. మిగతా కోర్టు పని ప్లీడరుగారు చూసుకుంటున్నారు.

మీకున్నది రెండు గదుల పెంకుటిల్లే కావచ్చు. ఇంట్లోవాళ్ళ మంచితనం మీద వదిలేయకండి, మీకు తోచినట్టూ రాసుకోకండి. చట్టం తెలిసినవారి చేత రాయించండి. బడి చెప్పని ఈ పాఠం నాకు పెదనాన్న దగ్గరే అబ్బింది.

ఆ రోజు సాయంత్రం ఇంట్లో ఆయన మందుల అలమర తెరిచాం. మేకుకి ఇంటి తాళంచెవి, దానికి దారంతో కట్టిన అట్టముక్క. దానిమీద గంజితో అంటించిన చీటీ, ఆయన గుండ్రటి అక్షరాల్లో "రూతు". చీటీ ఊడదీయకుండానే రూతు ఆ తాళంచెవిని కొంగున ముడేసుకుంది.