ఇంకా ఆరని గుట్ట

నెల్లికుదురు దాటాక తండా చేలకు అడ్డంగా, ఎవరో గోడ పెట్టినట్టు, నల్లరాళ్ల గుట్ట ఒకటి తిన్నగా సాగిపోతుంది. తెల్లారకముందే మిర్చి ఏరడానికి పోయే ఆడవాళ్లు కాసేపు దాని మీద కూర్చుంటారు. మోతీబాయి మాత్రం జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు ముందు రాయి మీద చెయ్యి ఆనిస్తుంది. "సల్లగనే ఉన్నది" అని చెప్పాకే కూర్చుంటుంది. ఎప్పుడో రాళ్ల చదువు పిల్లలు తండా బడిలో దిగితే వారం రోజులు వండిపెట్టింది. భూమిని చీల్చుకొని పైకొచ్చిన నిప్పే ఇక్కడ చల్లారి గుట్టయిందని వాళ్ల సారు చెబితే అందరూ నవ్వారు. పొయ్యి ముందే బతుకంతా గడిచిన మోతీబాయి నమ్మింది.

మొన్న ఎండాకాలం కంకర కోసం గుట్టను తవ్వడానికి జేసీబీ వచ్చింది.

"లోపల నిప్పు ఇంకా ఆరలే బిడ్డా, గెలకకు. నమ్మకుంటే చెయ్యి పెట్టి చూడు" అంది డ్రైవర్‌తో.

అతను అరచెయ్యి ఆనించి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"అమ్మో, గిదేందవ్వా, గింత కాలుతాంది!"

ఆ పూటకు బండి తిప్పుకొని పోయాడు. అతను వచ్చింది పొద్దున్నే. జొన్నరొట్టె, మజ్జిగ పెట్టి, ఊరూ పేరూ అడుగుతూ మిట్టమధ్యాహ్నం దాకా కూర్చోబెట్టింది మోతీబాయే.