ముందు చూసేవాళ్ల మొహం

మాటల్లేని పాత విదేశీ సినిమాల్లో దొంగను పట్టుకోవడం చాలా సులభం. ఎవడి మొహం మీద గాటు ఉంటే వాడే దొంగ. పెదవి చీలినవాడు పిల్లల్ని ఎత్తుకుపోతాడు. దవడ కాలినవాడు నేలమాళిగలో దాక్కుని పగ పెంచుకుంటాడు. మాట లేదు కాబట్టి మనసులోని కుళ్లంతా మొహం మీదికి తెచ్చి చూపించాలని వాళ్ల లెక్క. నున్నటి మొహం ఉన్న పిల్ల మాత్రం సినిమా అయిపోయేదాకా మంచిదే. ఏం చేసినా మంచిదే. ఇదెక్కడి న్యాయమో!

ఇవన్నీ నేను నంద్యాలలో ఒక ఫోటో స్టూడియో వెనక గదిలో కూర్చుని చూస్తుంటాను. పెళ్లి ఆల్బమ్‌లలో మొహాలు సరిచేయడం నా పని. పెళ్లికూతురి మొటిమలు తీసేస్తాను, పెళ్లికొడుకు నుదుటి మీద చిన్నప్పటి గాటు చెరిపేస్తాను, మేనత్తల కళ్ల కింద నలుపు తుడిచేస్తాను. పక్కన ఇంకో కంప్యూటర్లో ఆ నలుపు తెలుపు బొమ్మలు వాటి పాటికి అవి ఆడుతుంటాయి. వినాల్సింది ఏమీ లేదు కాబట్టి పని చెడదు. నన్ను వెనక గదిలో ఎందుకు కూర్చోబెట్టారంటే, ఏసీ అక్కడే ఉందని ఓనరు అంటాడు. ముందు కౌంటర్ దగ్గర కూడా ఏసీ ఉంది. నేను చూడలేదనుకుంటాడు.

నాకు పుట్టుకతో గ్రహణం మొర్రి. పై పెదవి ముక్కుదాకా చీలి పుట్టాను. కాస్త పెద్దయ్యాక ఆపరేషన్ చేసి కుట్టారు. కుట్టు బాగానే అతికింది గానీ నవ్వితే పెదవి ఒక పక్కకి లేస్తుంది, మాట కొంచెం ముక్కుతో వస్తుంది. మా అమ్మ కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట కూర్చుని వంకాయలు తరిగిందని, అందుకే ఇట్లా అయిందని వీధి వీధంతా తీర్పు చెప్పేసింది. అసలు ఆ రోజు ఇంట్లో వంకాయలే లేవని అమ్మ ఒట్టు పెట్టి చెప్పేది. ఎవరు వింటారు? ఆమె పోయేదాకా ఆ వంకాయలు ఆమెను వదల్లేదు.

అందుకే నాకు మనుషుల మొహాల మీద అనుమానం ఎక్కువ. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీగా ఉందని ఆలోచిస్తాను. ఎవరైనా కొత్తవాళ్లు నాతో మరీ తియ్యగా మాట్లాడినా ఆలోచిస్తాను.

పోయిన సంవత్సరం మా తమ్ముడి భార్య కడుపుతో ఉంది. అమ్మా నాన్నా లేరు, నేను పెళ్లి చేసుకోలేదు, తమ్ముణ్ణి నేనే పెంచి పెద్దచేశాను. మా ఇంట్లో పుట్టబోయే మొదటి బిడ్డ అది. ఆ బిడ్డను నేను ఎత్తుకోవాలి. భయపడకుండా, ఎవరూ చేతుల్లోంచి లాక్కోకుండా, తనివితీరా ఎత్తుకోవాలి. ఆ ఏడాది అంతకు మించి నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

మరదలిది ఆళ్లగడ్డ. తొలి కాన్పుకి పుట్టింటికి పోవడం మామూలే గానీ, నెలలు నిండుతుండగా పోతారు. ఈ పిల్లను ఐదో నెలలోనే, స్కానింగు అయిన మరుసటి రోజే వాళ్లమ్మ వచ్చి తీసుకుపోయింది.

"ఇంత బేగా యాల తీస్కపోతాండావ్ అత్తా?" అని అడిగాను.

"ఈడ ఎండలు ఎక్కువ గదమ్మా," అంది ఆమె, చీర కొంగు సర్దుకుంటూ.

నంద్యాలకీ ఆళ్లగడ్డకీ మధ్య గంటకి అటూ ఇటూ ప్రయాణం. ఆ కాస్త దూరంలో ఎండ ఎంత తగ్గిపోతుందో నాకు అర్థం కాలేదు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ నా కళ్లలోకి చూడలేదు, అది మాత్రం అర్థమైంది.

కడుపుతో ఉన్నవాళ్లు లేవగానే ఏ మొహం చూస్తే బిడ్డకి ఆ పోలిక వస్తుందని మా వైపు గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీద మా స్టూడియోకి మంచి బేరం కూడా. తెల్లగా బొద్దుగా ఉన్న పిల్లల బొమ్మలు పెద్దవి చేసి అమ్ముతాం. మరదలు వెళ్లిన కొన్నాళ్లకే తమ్ముడు వచ్చి, "అక్కా, అత్తోళ్లు ఆ పిల్లల బొమ్మలు కొన్ని తెమ్మన్నారు," అన్నాడు. నేనే ప్రింటు తీసి, నేనే చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాను. ఇచ్చాక కూర్చుని ఆలోచించాను. మంచి మొహం చూస్తే మంచి బిడ్డ అయితే, మరి ఇన్ని నెలలూ పొద్దున్నే ఆ పిల్లకి కాఫీ ఇచ్చిన మొహం ఎవరిది? నాది కదా. ఎండలంట, ఎండలు!

అప్పటినుంచి ప్రతిదీ దానికే సరిపోతూ వచ్చింది. చూడ్డానికి వస్తానంటే, "వద్దులేమ్మా, ఆ బస్సుల్లో యాడ పడతావు," అనేది అత్త. వీడియో కాల్ చేస్తే ఫోను ఎప్పుడూ పైకి తిరిగి ఉండేది. మరదలి గొంతు వినపడేది, ఫ్యాను కనపడేది. నెలలపాటు నేను ఆ ఫ్యానుతోనే మాట్లాడాను. గాజులు తొడిగే వేడుకలో ఆడబిడ్డ ముందు తొడగాలి. దిష్టి తగులుతుందని ఆ వేడుకే మానేశామన్నారు. ఎవరి దిష్టో చెప్పలేదు.

తమ్ముడు ప్రతి ఆదివారం పోయి వచ్చేవాడు.

"ఎట్లుందిరా?" అనేదాన్ని అన్నం వడ్డిస్తూ.

"బాగుండాదక్కా," అనేవాడు కంచంలోకి చూస్తూ.

"నన్ను అడిగిందా?"

"ఊఁ."

వాడు అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి. చిన్నప్పుడు బెల్లం తిన్ననాడూ అంతే. ఏం దాస్తున్నావురా అని గట్టిగా అడగొచ్చు. అడగలేదు. వాడు నోరు తెరిచి 'నీ మొహం వల్లేనక్కా' అంటే ఆ తర్వాత ఆ ఇంట్లో మేమిద్దరం ఎట్లా ఉండాలి?

ఆ రోజుల్లోనే పాత సినిమాల్లో ఒక సంగతి కనిపెట్టాను. పాడైన మొహాన్ని వాళ్లు వెంటనే చూపించరు. ముందు చూసేవాళ్ల మొహం చూపిస్తారు. ఆ నున్నటి పిల్ల ముసుగు లాగుతుంది, కళ్లు పెద్దవి చేస్తుంది, నోరు తెరుస్తుంది, వెనక్కి పడిపోతుంది. అప్పుడు గానీ ఆ మొహం మనకి చూపించరు. అప్పటికే మనం భయపడి ఉంటాం. భయం ఆ గాయంలో ఉండదు, ఆ పిల్ల మొహం నుంచి మనకి అంటుకుంటుంది. ఆ సినిమాలు ఆడిన కాలంలో మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ముక్కూ దవడా పోగొట్టుకుని ఇళ్లకొచ్చిన సిపాయిలు ఆ దేశాల్లో ఎంతోమంది ఉండేవాళ్లట. వాళ్లలో ఎవరో ఒకరు టికెట్టు కొనుక్కుని చీకట్లో వెనక కుర్చీలో కూర్చునే ఉంటారు. హాలంతా కెవ్వుమంటే అతనేం చేసి ఉంటాడు? నేనైతే ఆట సగంలోనే లేచి వచ్చేసేదాన్ని. లేదా తెర చించేసేదాన్ని.

ఎనిమిదో నెలలో అమ్మ ట్రంకుపెట్టె తీశాను. అందులో వెండి ఉగ్గుగిన్నె ఉంది. చంటిపిల్లలకు పాలు పట్టడానికి ముక్కు ఉన్న చిన్న గిన్నె, దాంతోనే నన్ను బతికించింది అమ్మ. పుట్టబోయే బిడ్డకి తోమి పెడదామనుకున్నాను. గిన్నె ఉంది. గిన్నె కింద ఉండాల్సిన ఫోటో లేదు.

ఆపరేషన్‌కి ముందు నాకు తీసిన ఒకే ఒక్క ఫోటో అది. అమ్మ ఒళ్లో నేను, చీలిన పెదవితో పడీ పడీ నవ్వుతూ. ఆ పెట్టె తాళంచెవి ఎక్కడుంటుందో నాకూ తమ్ముడికీ తప్ప ఎవరికీ తెలియదు. అడిగితే, "నాకేం తెల్దక్కా," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆళ్లగడ్డ వాళ్లు ఏ దిష్టి తీసేవాడి ముందో నా ఫోటో పెట్టి నిమ్మకాయలు కోయించారనుకున్నాను. మా అమ్మ మొహం కూడా ఉంది కదా అందులో! ఆమె బతికినన్నాళ్లూ అన్నది చాలదా? ఏడుపొచ్చింది, ఏడ్చాను. తర్వాత చీర మార్చుకుని, ఎవరికీ ఫోను చేయకుండా, బస్సెక్కాను. ఉగ్గుగిన్నె బ్యాగులో వేసుకున్నాను. లోపలికి రానివ్వకపోతే వాళ్ల గడప మీద విసిరికొట్టి రావాలని. దారిలో శిరివెళ్ల ఊరు దాటేదాకా ఏమేం తిట్టాలో వరసగా పేర్చుకుంటూనే ఉన్నాను.

మరదలి నాన్న రాతి విగ్రహాలు చెక్కుతాడు. ఇంటి పక్కనే రేకుల షెడ్డు, మిషను మోత, గాలినిండా రాతి పొడి. షెడ్డు మూలన ఒక అమ్మవారి విగ్రహం గోడవైపు తిరిగి ఉంది. ఆ సంగతి నాకు ముందే తెలుసు. చెక్కేటప్పుడు ముక్కు కొస లేచిపోయింది, పూజకి పనికిరాదు, అందుకని మొహం గోడకి తిప్పి పెట్టారు. పెళ్లిచూపులప్పుడే చూశాను. అప్పుడే అనుమానించాల్సింది.

గుమ్మంలో అత్త అడ్డం నిలబడింది. చేతిలో చాట.

"చెప్పకుండా వస్తివే?" అంది.

"చెప్తే రావద్దంటావు గదా."

"ఇప్పుడే పండుకుంది. ఇంకో తూరి రా తల్లీ."

"నా మొగం జూస్తే బిడ్డ పాడైపోతాదా అత్తా? ఆ మాట నోరు తెరిచి చెప్పు, పోతా. ఆ ఫోటో ఇచ్చెయ్, పోతా."

గట్టిగా మాట్లాడితే నా మాట ఇంకా ముక్కులోకి పోతుంది. పోనీ అనుకున్నాను. షెడ్డులో మిషను ఆగిపోయింది. అత్త చాట కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలినుంచి మరదలి గొంతు వచ్చింది.

"రానియ్యిమా. వదినను రానియ్యి."

గదిలో మంచం, మంచానికి ఎదురుగా గోడ. నేను పంపిన బొద్దుపిల్లల బొమ్మలు బీరువా పక్కన నిలబెట్టి ఉన్నాయి. నేను వేసిన రబ్బరు బ్యాండు కూడా తీయలేదు. గోడ మీద ఒకటే ఫోటో ఉంది. మా అమ్మా, అమ్మ ఒళ్లో నేనూ. చీలిన పెదవితో నవ్వుతూ.

"నేనే తెమ్మన్నా వదినా," అంది మరదలు. కళ్లకింద నల్లగా ఉంది. "స్కానింగులో చెప్పినారు. బిడ్డకు పెదివి చీలింది. నీకున్నెట్లే. పుట్టినాంక కుడతారంట, భయం లేదన్నారు. నాకు భయమే. రోజూ లేస్తానే ఇది జూస్తాండా. అలవాటు చేసుకుంటాండా."

పేర్చుకుని తెచ్చుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో. మంచం అంచు మీద కూలబడ్డాను.

"మరి నన్ను యాల రావద్దంటిరి?" అని మాత్రం అడగగలిగాను.

అత్త గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. "ఈ వీధి నోళ్లు నీకు తెల్దా? నువ్వు వచ్చిపోతాంటే, రేపు బిడ్డ పుట్టినాంక ఏమంటారు? ఆడబిడ్డ మొగం జూసి జూసి ఇట్లయిందంటారు. మీ అమ్మను వంకాయలని సంపలేదా? నువ్వు ఈ గడప తొక్కలేదని నేను గట్టిగా చెప్పాల్ల. అందుకని రానియ్యలే. నీ తమ్మునికి నేనే ఒట్టేయించినా."

స్కానింగు కన్నా ముందు కూడా మేమంతా ఒకే ఇంట్లో ఉన్నాం కదా, ఆ నెలల లెక్క వీధికి ఏం చెబుతుంది? ఫోనులో నా మొహం చూస్తే వీధికి ఎట్లా తెలుస్తుంది, ఆ ఫ్యానెందుకు చూపించారు? ఆమె చెప్పింది మొత్తం నిజమేనా, ఆమెకే లోపల కాస్త భయం లేదా? ఉండే ఉంటుంది. ఈ అనుమానం నాకు ఇప్పటికీ పోలేదు, పోదు కూడా. అయితే ఆ రోజు ఆమె వచ్చి నా పక్కన కూర్చుని, నా మొహంలోకి చూసి, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"పాలు ఎట్ల తాగినావు వదినా? రొమ్ము పట్టలేరంట గదా," అంది మరదలు.

బ్యాగులోంచి ఉగ్గుగిన్నె తీశాను. విసిరికొట్టడానికి తెచ్చానని చెప్పలేదు. తలగడని బిడ్డలాగా నిటారుగా పట్టుకుని, గిన్నె ముక్కు ఏ పక్కన ఆనించాలో, కొంచెం కొంచెం ఎట్లా ఒంపాలో, అమ్మ నాకు చెప్పినట్టే చూపించాను. అత్త ముక్కు చీదుకుంటూ, "ఇంగోతూరి చూపియ్యి," అంది. మళ్లీ చూపించాను.

బయలుదేరేటప్పుడు మరదలు నా కొంగు పట్టుకుంది.

"నువ్వు కాన్పుకు రావాల్ల. బిడ్డను ముందు నువ్వు సూడాల్ల. నేను నీ మొగం సూసి, అప్పుడు సూస్తా."

నంద్యాల ఆసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల. తువ్వాలులో చుట్టి తెచ్చిన నర్సు ఎవరికివ్వాలో తెలియక నిలబడింది. నేను చేతులు చాపాను. మరదలు బిడ్డవైపు చూడలేదు. దిండు మీద తల తిప్పి, రెప్ప వేయకుండా నా మొహంలోకే చూస్తోంది.

నేను తువ్వాలు అంచు పక్కకి తీశాను. పెదవి ముక్కుదాకా చీలి ఉంది. ఆ చీలికలోంచి నాలుక బయటపెట్టి, నా వైపు మహా కోపంగా చూసింది పిల్ల. అచ్చం నా కోపమే. నవ్వొచ్చేసింది, నా పెదవి ఎప్పటిలాగే ఒక పక్కకి లేచిపోయింది.

అప్పుడు మరదలు బిడ్డవైపు తిరిగింది.