కోరుట్ల దారిలో రాయి

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో, ఒక గురువారం, పొద్దున పదిన్నరకు నాది తప్పని తేలింది. ఇన్నేళ్లకు, మొన్న జగిత్యాల నుంచి కోరుట్ల పోతుంటే, రోడ్డు వెడల్పు చేసేవాళ్లు ఒక కిలోమీటరు రాయిని పీకి పక్కన పడుకోబెట్టారు. బండి దిగి కాసేపు దాని పక్కన కూర్చున్నాను. ఎందుకో చెప్పకపోతే పిచ్చోడనుకుంటారు.

అప్పట్లో నాకొక పాత అంబాసిడర్ ఉండేది. తెల్లది, తలుపు వేస్తే ఇనప బీరువా మూసినట్టు చప్పుడయ్యేది. పెళ్లిళ్లకూ, ధర్మపురి పోయేవాళ్లకూ కిరాయికి తిప్పేవాణ్ణి. నాకు అమ్మినాయన దానికి వేరే బండి గేరుబాక్సు ఎక్కించాడు. అందుకని స్పీడు మీటరు అబద్ధం చెప్పేది. ముల్లు అరవై మీద ఉంటే బండి యాభై దాటేది కాదు. "అరవై అంటున్నవు, ట్రాక్టరు దాటిపోవట్టె" అని వెనక కూర్చున్నవాళ్లు నవ్వితే నాకు ఒళ్లు మండేది. జగిత్యాల మెకానిక్కులందరిదీ ఒకటే మాట. మీటరు తీగను తిప్పే చిన్న పళ్లచక్రం మార్చాలి, అది ఇప్పుడెక్కడా దొరకదు, సిరిసిల్లలో మరమగ్గాలకు చక్రాలు కోసేవాడొకడున్నాడు, వాడే చెయ్యాలి. ఆ వాడెవడో నాకు తెలుసు. నన్ను అడగకుండా నా బిడ్డను చేసుకున్నవాడు. రెండేళ్లుగా నేను వాళ్ల గడప తొక్కలేదు.

అయినా పోయాను. మీటరు కోసమే వచ్చానని, బిడ్డ కోసం కాదని ముందే చెప్పాను. అతను రెండడుగుల దూరంలోనే ఉన్నా, "నీ పెనిమిటికి చెప్పు, పని గట్టిగుండాలె" అని బిడ్డతోనే అన్నాను. అతను పాత చక్రం పళ్లు లెక్కపెట్టి, పొద్దుగూకేలోపు లేతు మిషను మీద కొత్తది కోసి బిగించాడు. అన్నం తినమంది బిడ్డ. వద్దన్నాను. నా మొండితనం దానికీ వచ్చింది.

"బాపు, రేపు మేం సుత అస్తం. నీ రోడ్డు మీదనే సూసుకో. మీటరు సరిగుంటె మా ఇంట్ల బువ్వ తింటవు. తప్పయితె ఇగ నిన్ను ఎన్నడు పిలువ."

సరే అన్నాను. ఆ రాత్రి వాళ్ల వాకిట్లో కారులోనే పడుకున్నాను.

నా రోడ్డంటే జగిత్యాల, కోరుట్ల రోడ్డు. బడికి పోనివాణ్ణి. లారీ మీద క్లీనరుగా తిరిగినప్పుడు ఆ దారి రాళ్ల మీదే అంకెలు నేర్చుకున్నాను. అక్షరాలు నాకు యాభై ఏళ్లు దాటాక బిడ్డ నేర్పింది. అందుకే మనుషుల మాట కంటే ఆ రాళ్ల మాట నాకు ఎక్కువ. సమ్మెకు బస్సులు బంద్, రోడ్డంతా ఖాళీ. ముల్లును అరవై మీద నిలిపితే రాయికీ రాయికీ నడుమ సరిగ్గా అరవై సెకండ్లు పట్టాలి. బిడ్డ గడియారం పట్టుకొని ముందు కూర్చుంది, అతను వెనక.

యాభై నాలుగుకే రాయి వచ్చేసింది.

"సూసినవా?" అన్నాను. బిడ్డ గడియారం మీద నుంచి కళ్లెత్తలేదు. దాని మొహం చూశాక గెలిచిన సంతోషం నాలో నిలవలేదు. వెనక నుంచి అతను నెమ్మదిగా, "మామా, ఆపకు. ఇంకో రాయి దాంక గిట్లనే పోనియ్యి" అన్నాడు. పోనిచ్చాను. ఈసారి అరవై ఆరు.

"రెండు కలిపితె ఎంత బాపు?"

నూట ఇరవై. రెండు కిలోమీటర్లకు రెండు నిమిషాలు. మీటరు సరిగ్గానే ఉంది, నడుమ రాయే తన చోట లేదు.

వెనక్కి తిప్పి ఆ రాయి దగ్గర ఆగాం. ఎదురుగా మూసి ఉన్న చాయ్ హోటలు ముందు, అది నడిపే ముసలమ్మ కూర్చుని ఉంది.

"అవ్వా, గీ రాయిని ఎవడు జరిపిండే?"

"ఎవడా? రాస్తారోకో నాడు నువ్వు, నీ దోస్తులు, మీరు ఐదుగురే గద పీకి రోడ్డుకు అడ్డం పెట్టింది. మల్ల పాతెటప్పుడు, గంత దూరం ఎవడు దొర్లిస్తడు, ఈడ మన్ను మెత్తగున్నది అన్నది నువ్వే. నా గడ్డపార సుత ఇంక తెచ్చియ్యకపోతివి."

నిజమే, ఆ మాట అన్నది నేనే, మరిచేపోయాను. అతను నవ్వి ఉంటే తిట్టేవాణ్ణి. నవ్వలేదు.

"అల్లుడా," అన్నాను, "డిక్కీల గడ్డపార ఉన్నది, తీస్కరా."

ఐదుగురం పీకిన రాయిని ముగ్గురం వంద మీటర్లు దొర్లించాం. పాత గుంత ఎక్కడుందో అవ్వ ముందు నడిచి చూపించింది. పాతాక మళ్లీ కారు నడిపి చూస్తే అరవై, అరవై. గడ్డపార అవ్వకు ఇచ్చేసి సిరిసిల్ల పోయి, ఎంత పెడితే అంత తిన్నాను.

ఇప్పుడు ఆ కారు లేదు, రాయినీ పీకేశారు. మీటరును దారికి తెచ్చాం గానీ, మాట్లాడకుండా పోగొట్టుకున్న ఆ రెండేళ్లను ఏ చక్రం కోసీ వెనక్కి తిప్పలేకపోయాను. ఆ రోజు అక్కడున్నది నేను, నా బిడ్డ, హోటలు అవ్వ, నా అల్లుడు.