పేర్లు చూపించే మ్యాపు

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఏ గల్లీలో ఏ టైర్ల షాపు ఉందో మస్తాన్ వలీ కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఎడారిలోకి దిగితే మాత్రం అంత గొప్ప డ్రైవరూ పసిపిల్లాడే. పదేళ్లుగా నీళ్ల ట్యాంకరు తోలుతున్నాడన్న మాటే గానీ, ఒంటెల మకాంలకు దారి చూపింది ఎప్పుడూ ముందు బండిలోని ఖాదర్ మొహిద్దీనే. ఆ ఖాదర్ కాస్తా, పెళ్లాంబిడ్డల మీద కూడా సర్కారు లెవీ పన్ను పడేసరికి, ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ప్రొద్దుటూరు వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు పనివాళ్ల మీద లెవీ పెరిగింది. మిగిలిన ఇద్దరు డ్రైవర్లలో ఒక్కడి ఇఖామానే, అంటే అక్కడ ఉండే పర్మిట్టునే, రెన్యువల్ చేయిస్తానని వాళ్లను పనిలో పెట్టుకున్న కఫీల్ తేల్చేశాడు. పరీక్షగా గురువారం మస్తాన్ ఒంటరిగా ట్యాంకరుతో తూర్పు మకాంకు సాయంత్రం అసర్ నమాజు వేళకు చేరాలి. చేరకపోతే ఇంటికే. రాయచోటిలో కూతురు నర్సింగు సగంలో ఉంది, ఇప్పుడు ఇంటికెళ్లి ఏం చేస్తాడు?

సిగ్నల్ లేకపోయినా పనిచేసే మ్యాపుల వేటలో పడ్డాడు. ఊళ్లో అందరూ వాడేది చివరి టవరు దాటగానే తెల్లముఖం వేసింది. రెండోది రంగులు భలే చూపించింది గానీ, తారురోడ్డు లేనిచోట దానికి ప్రపంచమే లేదు. గతిలేక ఖాదర్‌కు ఫోన్ చేస్తే, తన పాత దారులన్నీ ఒక ఫైలుగా వాట్సాప్‌లో పంపాడు.

"గీతలు మాత్రమే చూపించేది వద్దురా మస్తానూ. నేను పెట్టిన పేర్లు గూడా చూపించే మ్యాపు ఎతుక్కో."

"దావ కనపడితే సాలదా అన్నా? పేర్లతో ఏం పని?"

"పనుందిలే. పోతావు గదా, నీకే తెలుస్తాది."

మూడోది పేర్లు మింగేసి అంకెలు చూపించింది. నాలుగోది తెరిస్తే చక్కగా తెలుగు అక్షరాలు! పెద్ద తుమ్మచెట్టు, కుక్కల మకాం, ఆ తర్వాత ఒక చుక్క పక్కన: జైతూన్ బీ కొడుకు.

మస్తాన్ ఎగిరి గంతేశాడు. జైతూన్ బీ రాయచోటిలో మస్తాన్ వాళ్ల వీధి మొదట్లో గాజులమ్మే ముసలామె. కాగితాల్లేని పనివాళ్లను పట్టుకునే నితాకత్ తనిఖీలప్పుడు సౌదీలో కొడుకు ఫోను ఆగిపోయింది మొదలు, సెలవుకొచ్చిన ప్రతివాణ్ణీ నిలేసి అడుగుతుంది. అందరూ "కనపడినాడు పెద్దమ్మా, బాగుండాడు" అంటారు. ఎవరూ చూసింది లేదు, అయినా అలా అనడం ఆ వీధి మర్యాద. మస్తానూ రెండుసార్లు అన్నాడు.

"ఓరి నీ పాసుగాల! ఈడ గొర్లు కాసుకుంటాండావా?" అని ఫోనుతోనే మాట్లాడేశాడు. పాపిష్టి అబద్ధం ఇన్నాళ్లకు నిజమవుతోందని ఎంత సంబరమో!

గురువారం మిట్టమధ్యాహ్నం ఖాదర్ గీత ఒక తెల్లటి చౌడు నేల చుట్టూ తిరిగింది. అడ్డంగా కోస్తే గంట కలిసొస్తుంది. ముందు ఊరివాణ్ణి పలకరించి, ఆనక అడ్డంగా పోదామని మస్తాన్ చుక్క దగ్గర హారన్ కొట్టాడు.

డేరా లేదు. గొర్రె లేదు. గాలి కూడా లేదు. దిగి చూస్తే నేల మీద రెండు రాళ్లు, వాటి మధ్య మనిషంత ఎడం. పక్కన వరుసగా నీళ్ల బాటిళ్లు. ఒక్కదానికీ సీలు తీయలేదు, అయినా అన్నిట్లోనూ నీళ్లు తగ్గి ఉన్నాయి.

అక్కడినుంచి చౌట్లోకి పాత పికప్ చక్రాల చారలు పోయాయి. తిరిగొచ్చిన చారలు లేవు.

మస్తాన్ కదల్లేదు. ఫోనులో అతనున్న చోటు చూపించే బాణం కదిలింది. ఆ చారల వెంట మెల్లగా చౌట్లోకి పోయి, కాసేపాగి, మళ్లీ అతని కాళ్ల దగ్గరికొచ్చింది. ఉపగ్రహాల తేడాకు అలా జరుగుతుందని విన్నాడు. వింటే మాత్రం భయం వేయదా? పోయినవాడి కోసం ఫాతిహా చదివి, తన బాటిలు ఆ వరుసలో పెట్టి, అడ్డదారి మాట మరిచి ఖాదర్ గీత పట్టుకున్నాడు. అసర్‌కు ముందే మకాం చేరాడు.

సిగ్నల్ దొరకగానే ఖాదర్‌కు ఫోన్ చేశాడు.

"పారిపోయినాడని వాళ్ల కఫీల్ రిపోర్టు రాయించినాడు. మకాంలో దాక్కున్న్యాడు. పోలీసులొస్తాండారని ఎవురో అంటే పికప్ ఎక్కి, ఫోన్లో బాణం ఎట్ల చూపిస్తే అట్ల చౌట్లోకి తోలినాడు. బండి దిగబడితే నడుసుకుంటా వచ్చి ఆడ పడిపోయినాడు. కాగితాల్లేని మనిషిని ఎవురికి చూపిస్తాం? మేమే మన్ను చేసినాం."

"పెద్దమ్మకు ఎందుకు సెప్పలేదన్నా?"

"నాకు నోరు రాలేదు. నువ్వు సెప్పుపో."

మస్తాన్ ఇఖామా నిలిచింది. తూర్పు దారి అతనిదే అయింది. ఏడాది తర్వాత సెలవు దొరికింది. రాయచోటిలో ఆటో వీధిలోకి తిరిగిందో లేదో, జైతూన్ బీ అడ్డమొచ్చింది.

"నాయనా మస్తానూ, నా కొడుకు కనపడినాడా?"

విమానంలో దారంతా కూడబలుక్కున్న మాట వేరు.

"కనపడినాడు పెద్దమ్మా. నేను పోయే దావలోనే ఉండాడు. వారం వారం నీళ్లిచ్చి పోతాండా."

ముసలామె ముఖం విప్పారింది. "ఎడారంట గదా నాయనా. నీళ్లకు కరువు లేకుంటే అంతే సాలు."

గబగబా లోపలికెళ్లి ఇంట్లో వండిన నిప్పట్ల పొట్లం తెచ్చింది. "వానికియ్యి. వానికి శానా ఇష్టం."

మస్తాన్ రెండు చేతులా తీసుకున్నాడు.