ఎర్ర కడియం పిట్ట

పదకొండేళ్లుగా ఒక తప్పు మోస్తున్నాను. అక్షరం రాదు కనుక రాయలేదని నాకు నేను చెప్పుకునేదాన్ని. అక్షరాలు వచ్చి రెండేళ్లయింది. మరి ఈ రెండేళ్లూ ఏం అడ్డొచ్చింది? సిగ్గు. మీరెవరో తెలియదు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

అల్లూరు దగ్గర, పిట్టల మీద పరిశోధన చేసే ఒక మేడమ్ దగ్గర పనిచేసేదాన్ని. రొయ్యల గుంటల గట్ల మీద చెట్లు పెరిగాక, పైనుంచి, అంటే ఉత్తరం వైపు నుంచి, వేరే రకం పిగిలిపిట్టలు (బుల్‌బుల్ పిట్టలు) తీరం వెంబడి దిగివచ్చి మన పిట్టల్లో కలిశాయి. చూపుకు రెండూ దాదాపు ఒకటే. కూత వేరు. ఆ తేడా మేడమ్ కంటే ముందు నా చెవికే తెలిసేది. కలిసి బతికితే కూత మారుతుందా అన్నదే ఆమె వెతుకులాట. అందుకే పైనుంచి వచ్చిన ఒక మగపిట్ట కాలికి ఎర్ర ప్లాస్టిక్ కడియం వేసింది.

ఒకరోజు ఆమె నెల్లూరు వెళ్తూ, పిట్టల్ని పట్టడానికి కట్టిన వల నాకు అప్పగించింది. పడిన పిట్టను వెంటనే తీయాలి, ఎండకు ఆగదు. నేను బోరు దగ్గర నీళ్లకొచ్చిన మస్తానమ్మతో కబుర్లలో పడ్డాను. తిరిగొచ్చేసరికి ఎర్ర కడియం పిట్ట తలకిందులుగా వేలాడుతోంది. చచ్చిపోయింది. పక్కనే మన పిట్ట ఒకటి కొట్టుకుంటోంది. కడియం విప్పి దాని కాలికి తొడిగి వదిలేశాను. చచ్చినదాన్ని ఇసుకలో కప్పెట్టాను. ఎందుకు? పని పోతుందనా? అదీ ఉంది. కానీ "నువ్వుంటే నాకు దిగులు లేదక్కా" అనే ఆమె మాట ఇక వినబడదేమోనన్న భయమే ఎక్కువ.

నెల తర్వాత మేడమ్ పరుగున వచ్చింది.

"అక్కా, విన్నావా? ఎర్ర కడియంది మన కూత కూస్తోంది!"

"వింటా ఉండా మేడమ్."

"వచ్చినప్పుడు దాని కూత వేరే కదా?"

"వేరేనే. మా గుంటూరు కోడలు నెలకే మా యాస పట్టేసినాది. పిట్టకేమి రోగం?"

ఆమె పడీపడీ నవ్వింది. నా మాట కూడా రాసుకుంది. నేనూ నవ్వాను. ఆ నవ్వే నన్ను ఇప్పటికీ కాలుస్తోంది.

తర్వాత ఆమె బడిపిల్లల కోసం చిన్న పుస్తకం వేయించి నాకూ ఒకటి ఇచ్చింది. ఆడవాళ్ల సంఘం నడిపే రాత్రి బడిలో అక్షరాలు నేర్చాక, వేలు పెట్టి కూడబలుక్కుంటూ నేను చదివిన మొదటి పుస్తకం అదే. పైనుంచి వచ్చిన పిట్ట మన కూత నేర్చుకుందని అందులో ఉంది. నా అబద్ధం అచ్చులో ఎంత చక్కగా ఉందో! పిల్లలు దాన్ని నిజమనుకుని చదువుతున్నారు. ఆమె ఎక్కడెక్కడ ఈ సంగతి చెప్పుకుందో, ఎవరెవరు నమ్మారో. చదువు రానప్పుడు ఇంత ఏడవలేదు.

నిన్న ఇక్కడిదాకా రాసి ఆపాను. ఈ పొద్దున మేడమ్‌కు నాలుగు వరుసలు విడిగా రాశాను. పిట్ట చచ్చిపోయిందని, కడియం నేనే మార్చానని. క్షమించమని రాయలేదు. అడిగే మొహం లేదు. బస్సెక్కి అల్లూరు పోస్టాఫీసుకు వెళ్లి, అడ్రసు ఎవరితోనూ రాయించకుండా నేనే రాసి, డబ్బాలో వేశాను.