ఐపీ పాసైన సారు

డెబ్భయ్యో దశకం నాటి మాట. కొత్తగూడలో నా కిరాణా కొట్టు మునిగిపోయింది. అప్పులు తీర్చలేక కోర్టులో దివాలా దరఖాస్తు, అదే ఐపీ, పెట్టి కువైట్‌లో గుమాస్తాగా చేరాను. అక్కడ నాతోపాటు ఒకే గదిలో ఉండే కోస్తావాళ్లకు ఆ సంగతి చెప్పలేదు. లెక్కలు తెలిసినవాణ్ణని మెస్సు డబ్బు నాకే అప్పగించారు.

ఒక శుక్రవారం అందరం భోజనాలకు కూర్చున్నాం. మా ఊరి నుంచి కొత్తగా వచ్చిన తాపీమేస్త్రీ యాదయ్య నన్ను చూసి పొంగిపోయాడు.

"మా సారు మామూలోడనుకుంటుండ్రా? ఐపీ పాసైండు! ఊరంత గదే ముచ్చట" అన్నాడు.

అదేదో పెద్ద చదువనుకున్నాడు పాపం. అన్నం కలుపుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. నా ముద్ద గొంతు దిగలేదు.

గదిలో అందరికంటే పెద్దవారు సుబ్బారావుగారు. లేచి చెయ్యి కడుక్కొచ్చి, నా మొహం చూడకుండా అడిగారు.

"మెస్సు పెట్టె తాళంచెవి ఇలా ఇవ్వండి. ఇకమీదట నేను చూసుకుంటానండి."

తాళంచెవి తీసి ఇచ్చేశాను. యాదయ్యకే కోపమొచ్చింది.

"గంత చదివిన సారు ఉండంగ మీకెందుకయ్యా పరేషాన్?"

ఇప్పటికీ శుభలేఖలో పెళ్లికొడుకు పేరు పక్కన డిగ్రీ కనబడితే, ఆ ముద్ద ఇంకా నా గొంతులోనే ఉన్నట్టుంటుంది.